పైకి లేవని ఎడమ కన్ను

మా పేటలోని కంటి డాక్టరు నా ప్రశ్నకు ఇప్పటివరకు జవాబివ్వలేదు. నేను కనిపించగానే కాంపౌండరు, "ఏంది కాకా, మళ్లొచ్చినవా? ఇయ్యాల కన్ను నీదా, బిడ్డదా?" అంటాడు. బెంచీ మీదివాళ్లు నవ్వుతారు. డాక్టరు మా జిల్లా మనిషే. తలుపు సందులోంచి నన్ను చూసి, నా తరువాతివాళ్లను పిలవమంటాడు. ఇవన్నీ నేను మరిచిపోతాననుకుంటే పొరపాటు.

ఊరు విడిచి వచ్చి, ముంబై దగ్గరి నార్పోలిలో సాంచాలు నడుపుతాను. ఆ మగ్గాల మోతలో మాట వినబడదు కనుక మేం కళ్లతోనే మాట్లాడుకుంటాం. కనుబొమ్మ ఎగరేస్తే దారం తెగిందని, గుమ్మం వైపు చూపు తిప్పితే సేటు వస్తున్నాడని. నా చెవులు మందగించాక ఇంట్లోనూ అదే అలవాటైంది. రెండో తరగతి చదివే నా బిడ్డకు అటక మీది బిస్కెట్ డబ్బా కావాలంటే నోరు తెరవదు, కళ్లు పైకెత్తుతుంది. వాళ్లమ్మకు తెలియకుండా జరగాల్సిన బేరం అది.

ఒకరోజు కుడికన్ను డబ్బా వైపు వెళ్లింది. ఎడమకన్ను సగంలోనే ఆగింది. పైరెప్ప కాస్త ఉబ్బి ఉంది.

"నాయినా, పైకి చూస్తే డబ్బాలు దోన్ కనవడ్తున్నయ్," అని రెండు వేళ్లు చూపించింది.

డాక్టరు టార్చి వేసి చూశాడు. "దుమ్ము. ఈ ఊర్ల ఎవ్వలి కన్ను వాచినా సాంచాల దుమ్మే," అని చుక్కల మందు రాశాడు.

"సారూ, ఒక్కసారి పైకి చూడుమనుండ్రి."

"సాంచా నువ్వు నడుపు, కన్ను నేను చూస్త."

వాపు తగ్గింది, మళ్లీ వచ్చింది. రెండోసారి వెళితే, బిడ్డను కార్ఖానాకు తీసుకుపోవద్దని మందలించాడు. నా బిడ్డ ఏనాడూ కార్ఖానా గడప తొక్కలేదు. పెద్ద దవాఖానాకు రాసిమ్మంటే అవసరం లేదన్నాడు. "నీకు లోకమంతటితోని పంచాయితే. సప్పుడు జేయక చుక్కలెయ్యి," అంది నా భార్య.

వాపు మూడోసారి వచ్చాక ఎవరినీ అడక్కుండా బిడ్డను ముంబైలోని పెద్ద దవాఖానాకు తీసుకెళ్లాను. అక్కడి డాక్టరమ్మ ముందుగా చేసిన పని, తన వేలిని చూస్తూ కళ్లు పైకెత్తమనడం. వెంటనే అల్ట్రాసౌండ్ గదికి తీసుకుపోయింది. కడుపుతో ఉన్నవాళ్లకు చేసే స్కానే కంటికీ చేస్తారని నాకు అప్పుడే తెలిసింది. మూసిన రెప్ప మీద జెల్ రాసి, లావుపాటి పెన్ను లాంటిది ఆనించింది.

"సల్లగున్నది నాయినా," అని బిడ్డ నవ్వింది.

తెర మీద, కన్నును పైకి లేపే కండరంలో ఒక నల్లని బుడగ కనబడింది. దాని లోపల తెల్లని చుక్క. అది పందుల నుంచి వచ్చే బద్దెపురుగు పిల్ల అనీ, ఆ చుక్క దాని తల అనీ డాక్టరమ్మ హిందీలో చెప్పింది.

మేం పందిమాంసం ముట్టం అని గొంతు పెంచాను. ఆమె విసుక్కోలేదు. ఆ పురుగు గుడ్లు చేతుల మురికితో, నీళ్లతో, కడగని పచ్చికూరలతో కడుపులోకి పోతాయనీ, ఎవరింట్లోనైనా జరగవచ్చనీ చెప్పింది. నా మాటకు మొదట జవాబిచ్చిన మనిషి ఆమే.

పురుగుకు, వాపుకు మందులు వాడాం. మళ్లీ స్కాన్ తీసినప్పుడు బుడగ ముడుచుకుపోయి, తెల్లచుక్క మాయమైంది. చూపు దక్కింది. కానీ ఆ కన్ను ఇప్పటికీ పూర్తిగా పైకి లేవదు. బడిలో బోర్డు చూడాలంటే బిడ్డ గడ్డం ఎత్తుతుంది. బిస్కెట్ డబ్బా కింది అరలో పెడితే, "గట్లైతే మజా రాదు నాయినా," అని మళ్లీ అటక మీదే పెట్టించింది.

స్కాన్ బొమ్మ పట్టుకుని పేట డాక్టరు దగ్గరికి వెళ్లాను. "నయమైంది గద, ఇంకెందుకొచ్చినవ్?" అన్నాడు.

ఇందుకే వచ్చాను సారూ. మొదటిరోజే పైకి చూడమని, స్కాన్‌కు పంపి ఉంటే, ఆ మిగిలిన కొంచెం కూడా లేచేదా? ఎలాగూ లేచేది కాకపోతే ఆ మాటైనా చెప్పండి. డాక్టరమ్మను అడిగాను. మొదట్లో ఆ కన్ను ఎలా ఉందో తాను చూడలేదు కనుక చెప్పలేనంది. చూసింది మీరు. మీరే చెప్పాలి.