కొండవాగు రంగు మారిన రోజు

నాకప్పుడు పదకొండేళ్లు... కొండల్లో సీతాఫలాలు కళ్లు విచ్చుకునే రోజులు.

ఆదివారం తెల్లారగానే తిరుపతిలో మొదటి బస్సెక్కి, భాకరాపేట దారిలో కొండల కింద ఉన్న రాజమ్మత్త ఊళ్లో దిగేవాళ్లం. నాయన, నేను, చెల్లెలు సుమ. రాజమ్మత్త మా నాయనకు అక్క. నాయన వారమంతా ఆటో తోలేవాడు. ఆ ఒక్క రోజు మాత్రం కాళ్లతోనే ప్రయాణం...

మేం పోయేసరికి అత్త చిత్రాన్నం మూట కట్టి, మరచెంబులో నీళ్లు నింపి, గంపా కర్రా పట్టుకుని వాకిట్లో సిద్ధంగా ఉండేది. అత్త ముందు, నాయన వెనక, మధ్యలో మేమిద్దరం. ఆ వరస ఎప్పుడూ మారేది కాదు.

"పొదల్లో ఎలుగుబంటి ఉంటాది. మనం వచ్చేది ముందే తెలిస్తే అదే పక్కకు పోతాది. నోరు మూసుకోని నడవొద్దండి," అనేది అత్త.

ఏం మాట్లాడాలో తోచక మేం ఎక్కాలు చదివేవాళ్లం... గొంతు చించుకుని. నాకు పదమూడో ఎక్కం వచ్చింది బడిలో కాదు, ఆ కొండదారిలో. ఈ పాటికి ఎలుగుబంట్లకు కూడా వచ్చేసుంటుందని నాయన నవ్వేవాడు.

కాయలు చేతికి అందినంత వరకే కోయాలి. ఒకసారి పై కొమ్మకు ఎక్కబోతే అత్త నా కాలు పట్టుకుని దించింది.

"పైవి మనవి కాదు పాపా. మనకు ఇంట్లో సంగటి ఉండాది. దానికేముండాది?"

దానికి అంటే ఎలుగుబంటికని నాకు అర్థం కావడానికి కాస్త సమయం పట్టింది...

ఒక ఆదివారం గంప నిండాక వాగు దగ్గర ఆగాం. మా వైపు వాగును వంక అంటారు. మోకాళ్ల లోతు నీళ్లు, అడుగున గులకరాళ్లు కనబడుతున్నాయి. వాగు మధ్యలో పెద్ద బండ మీద కాలేజీ కుర్రాళ్లు నలుగురు, ప్లాస్టిక్ కవర్లు పరుచుకుని తింటున్నారు. నేనూ సుమా చెప్పులు రాయి మీద విడిచి నీళ్లలోకి దిగాం.

అత్త చెంబు ముంచబోయి ఆగిపోయింది. ఎండుటాకులు, పుల్లలు కొట్టుకొస్తున్నాయి. అప్పటిదాకా తేటగా ఉన్న నీళ్లు టీ రంగులోకి తిరుగుతున్నాయి.

"తమ్ముడూ, బిడ్డల్ని పైకెక్కించు. పైన యాడనో వాన పడింది."

ఆకాశంలో ఒక్క మబ్బు లేదు. అయినా నాయన ఎదురు అడగలేదు. సుమను చంకనేసుకుని గట్టెక్కాడు. నేను మాత్రం కొత్త చెప్పుల కోసం వెనక్కి తిరిగాను... అత్త నా జడ పట్టుకుని ఒక్క లాగు లాగింది. అంతకు ముందు ఆమె నన్ను ఒక్క దెబ్బ కొట్టింది లేదు. ఏడవడం కూడా మరిచిపోయాను.

గట్టు మీద నుంచి అత్త ఆ కుర్రాళ్లను కేకేసింది. "ఏమప్పా, బండ దిగి గట్టెక్కండి. వంకొస్తా ఉండాది."

ఎర్రచొక్కా అబ్బాయి ఆకాశం వైపు చూసి నవ్వాడు. "ఇంత ఎండ కాస్తా ఉంటే వంక యాడొస్తాదక్కా?"

"ముందు ఎక్కు. ఎక్కినాక నవ్వుకో."

ఆ గొంతుకు జంకారో ఏమో, నలుగురూ లేచి తమకు దగ్గరగా ఉన్న అవతలి గట్టెక్కారు. చివరివాడు ఇంకా నిలదొక్కుకోకముందే లారీ వస్తున్నట్టు చప్పుడు... బురదనీళ్లు, విరిగిన కొమ్మలు. వాళ్ల బండ కనబడలేదు. నా చెప్పులున్న రాయీ కనబడలేదు. నా జడ ఇంకా అత్త చేతిలోనే ఉంది.

ఊళ్లోకి దారి మా వైపే. వాళ్లు దాటి రాలేరు.

"నీళ్లు దిగిందాకా ఎవురూ కాలు పెట్టొద్దు," అని అరిచి చెప్పింది అత్త.

వాళ్ల తిండి అంతా వాగు పాలైంది. అత్త గంపలోంచి సీతాఫలాలు తీసి అవతలికి విసరడం మొదలుపెట్టింది. బాగా మగ్గిన కాయ ఒకటి ఎర్రచొక్కా చేతుల్లో పగిలి, గుజ్జంతా మొహానికి అంటుకుంది. రెండు గట్ల మీదా ఒకటే నవ్వులు... "మెల్లగా వెయ్యక్కా," అని బతిమాలాడు. నాయన విసిరినవి సగం వాగులోనే పడ్డాయి. అత్త విసిరినవి ఒక్కటీ తప్పలేదు.

మూడు గంటలు అలా కూర్చున్నాం. నీళ్లు తగ్గి, అడుగున రాళ్లు మళ్లీ కనబడ్డాకే నాయన కర్ర అందించి ఒక్కొక్కరినీ ఇవతలికి దాటించాడు.

ఎర్రచొక్కా అబ్బాయి అత్త కాళ్లకు దండం పెట్టబోయాడు. అత్త వెనక్కి జరిగి, కింద పొదలకు వేలాడుతున్న కవర్లను చూపించింది.

"దండం ఎందుకులే నాయనా. అవి ఎత్తండి."

"మేం పారేయలేదక్కా. వంక తీసకపోయింది."

"తీసకపోయి యాడ పెడతాది? మా ఊరి చెరువులోనే కదా. మా ఆవులు నీళ్లు తాగేది ఆడనే."

అందరం కలిసి ఏరాం. ఖాళీ అయిన గంప కవర్లతో నిండింది. చెప్పుల్లేని నేను సగం దారి నాయన వీపు మీద... మహారాణిలా.

ఇప్పుడూ కొండలకు వెళ్తుంటాను, నా పిల్లలతో. మంచి బూట్లున్నాయి. దారి చూపడానికి ఫోనుంది. అటవీశాఖ వాళ్ల అనుమతి తీసుకుంటాం, వాన సూచన ఉంటే మానేస్తాం. అత్తకే మోకాళ్లు సహకరించవు.

పోయిన నెల వెళ్తే, "కొండ ఎట్లుండాది?" అని అడిగింది. ఫొటోలు చూపించాను. ఒక్కో ఫొటో దగ్గర ఆగి, ఇది జాలారి, ఇది మద్ది, ఇది తెల్లపాపిడి అంటూ చెట్ల పేర్లు చెప్పుకుంటూ పోయింది... ఇన్నేళ్లుగా వాటి పక్కనుంచే నడుస్తున్నాను. సగం పేర్లు నాకు తెలియవు.

మీకు కొండనో అడవినో మొదట చూపించిన మనిషి ఎవరు? ఆ పేరు ఇక్కడ రాయండి... వాళ్లింకా ఉంటే, ముందు వెళ్లి నాలుగు చెట్ల పేర్లు అడిగి రండి.