చక్రం వెనక రాయి

పంతొమ్మిది వందల యాభైల్లో మాట. టెక్కలిలో బడిపంతులుగా ఉండేవాణ్ని, కొత్తగా పెళ్లయింది. ఉద్దానంలో కొబ్బరితోటలున్న మా మామగారు మిలిటరీ వేలంలో పాత జీపు కొన్నారు. మొక్కు తీర్చుకోవడానికి అత్తగారిని అందులో మహేంద్రగిరికి తీసుకెళ్లే పని నాకు అప్పజెప్పారు. అంతవరకు ఎడ్లబండీ రైలూ తప్ప నేనేమీ ఎరగను.

కొండదారి సగంలో ఇంజనులో నీళ్లు మరిగిపోయాయి. డ్రైవరు అప్పన్న ఏటవాలులోనే బండి ఆపాడు. "బ్రేకు పట్టదు బాబూ. నానొచ్చీదాకా బండి ముట్టుకోకండి" అని డబ్బా పట్టుకుని నీళ్లకోసం కింద పారే గెడ్డలోకి దిగాడు. అత్తగారు వెనక సీట్లోనే కూర్చున్నారు.

కొబ్బరికాయ కొట్టకుండా బయల్దేరాం, అందుకే ఇలా అయిందనిపించింది. బుట్టలోంచి ఒక కాయ తీశాను. కొట్టడానికి రాయి వెతికితే వెనక చక్రం దగ్గర బల్లపరుపుగా ఒకటి కనిపించింది. అది అప్పన్న బండికి అడ్డం పెట్టిన రాయని తట్టలేదు. లాగేశాను.

జీపు వెనక్కి కదిలింది. వెనక లోయ. కాయ వదిలేసి పక్క కడ్డీ పట్టుకున్నాను. నన్నూ ఈడ్చుకుపోయింది. అత్తగారు నా మొహంలోకే చూస్తున్నారు. అంచు ఇంకో బారెడు ఉందనగా చక్రం వెదురుపొదలో చిక్కుకుని ఆగింది.

కడ్డీ వదిలి, కాయ ఎక్కడ పడిందోనని చూస్తున్నాను. అత్తగారు మెల్లగా అన్నారు: "ముందు ఆ రాయి సక్రం ఎనకాలెట్టండి బాబూ. దేవుడు ఆగుతాడు."

ఈ సంగతి ఆవిడ ఇంట్లో ఎవరికీ చెప్పలేదు. కానీ ఆ తర్వాత ఏ పండక్కి నా చేతికి కొబ్బరికాయ ఇచ్చినా, రాయి మాత్రం తనే తెచ్చి పెట్టేవారు.