నల్లా వచ్చిందే పిల్లా

అవ్వ పోయింది. ఆ మాట నాకు చెప్పింది ఆమె కోడలు, మా రెండిళ్ల నడుమ గోడ అవతల నిలబడి. నల్లా నీళ్లు వచ్చాయని రోజూ పొద్దున అవ్వ నన్ను పిలిచే చోటు అది. సరిగా వినకుండానే "నల్లా వచ్చిందా?" అని అడిగాను. ఆ తర్వాత ఆ పిల్ల ముఖం చూసి నా నోటిని నేనే తిట్టుకున్నాను.

అవ్వ నాకు చుట్టం కాదు. బాన్సువాడలో మా ముందరింటావిడ. నస్రుల్లాబాద్ వైపు వరి పండించే పాత రైతు కుటుంబం వాళ్లది. ఆమె గురించి నాలుగు మంచి మాటలు రాద్దామని కూర్చున్నాను. కానీ నేను చేసిన ఒక చెడ్డ పని దాచిపెట్టి అవి రాయడం నా వల్ల కావడం లేదు.

పిట్లం నుంచి వచ్చి ఇక్కడ ఇల్లు కట్టుకున్నప్పుడు, బడిపంతులైన మా ఆయన అన్నీ పద్ధతిగా చేశాననుకున్నాడు. కరెంటుకు దరఖాస్తు పెట్టాడు. మీటరు బిగించారు, మూడు గదుల్లో మూడు బల్బులు వెలిగాయి. పాలు పొంగించి లోపలికి వచ్చాక చూస్తే గిన్నె కడగడానికి నీళ్లు లేవు! బావి తవ్విద్దామని మొదలుపెడితే బండ పడింది. నల్లా గొట్టం పెద్ద వీధిలోనే ఆగిపోయింది, మాదేమో వెనకిల్లు. నేను గుమ్మంలో కూర్చుని ఏడుస్తుంటే అవ్వ వచ్చింది.

"ఏంది పిల్లా, గింత ఇల్లు కట్టిండ్రు, నీళ్ల ముచ్చటే మర్చిండ్రా? లే, మా బావిల చేదుకో."

రెండేళ్లు ఆ బావి నీళ్లే తాగాం. బిందె నింపుకుని పరుగెత్తబోతే ఆపేది. "ముందుగాల నువ్వు తాగు, తర్వాత మొయ్యి" అనేది. నేను దోసిలి పట్టి తాగిందాకా కదలనిచ్చేది కాదు. మా అమ్మ కూడా నా దాహం గురించి అంత పట్టించుకోలేదు.

చివరికి మాకూ నల్లా మంజూరైంది. కానీ గొట్టం రావాలంటే అవ్వ వాకిట్లోంచే రావాలి, ఆమె అరుగు మూల పగలగొట్టాలి. అడగడానికి మా ఆయనకు నోరు రాలేదు. పని చేసేవాళ్లు గడ్డపారలతో నిలబడి ఉంటే అవ్వే అంది: "పగలగొట్టుండ్రి. రాళ్లే గద, మళ్ల పెట్టుకోవచ్చు." ఆ మూల మేమే కట్టించి ఇస్తామన్నాం. ఇవాళ్టికీ కట్టించలేదు.

నీళ్లు వచ్చే ముందు గొట్టంలో గాలి గురగురమనేది. ఆ చప్పుడు ముందు వినపడేది అరుగు మీద కూర్చున్న అవ్వకే. వెంటనే గోడ మీంచి కేక: "నల్లా వచ్చిందే పిల్లా! ఉరుకు, ఆగమైతున్నయ్!" మా నల్లాకు కాపలా ఆమె. సొంత బావి ఉందని ఆమె నల్లా పెట్టించుకోలేదు, ఆ నీళ్లలో ఒక్క చెంబు కూడా ఆమె ఇంటికి వెళ్లేది కాదు.

నీళ్లు సన్నగా వస్తాయని నల్లాను గుంతలో పెట్టించాం. పక్క వీధి వాళ్లు వచ్చి ముంచుకుపోతున్నారని మా ఆయన గుంతకు రేకు మూత చేయించి తాళం వేశాడు. తాళంచెవి నా కొంగుకు ముడేసుకున్నాను. ఎంత మురిసిపోయానో చెప్పలేను.

ఆ ఎండాకాలమే అవ్వ బావి అడుగంటింది. బొక్కెనలో బురద తప్ప ఏమీ రావడం లేదు. ఇంట్లో కోడలు బాలింత. ఒక పొద్దున ఎప్పటిలాగే నన్ను కేకేసి, కాసేపటికి తనే బిందె పట్టుకుని మా వాకిట్లోకి వచ్చింది.

"ఒక్క బిందె బిడ్డా, పసిదానికి తానం పోయాలె."

మా గోలెం ఇంకా సగమే నిండింది. ఈమెకు ఇస్తే రేపు వీధంతా వస్తుందన్న భయం. గబగబా మూత వేసి, "నల్లా బందైందవ్వా" అన్నాను. ఆ మూత కింద నీళ్లు పడుతున్న చప్పుడు నాకు వినిపిస్తూనే ఉంది. ఆమెకు వినపడదా? ఒకసారి మూత వైపు చూసింది.

"అట్లనా బిడ్డా" అని వెనక్కి తిరిగింది. ఆ ఎండాకాలమంతా బస్టాండు దగ్గరి బోరింగు దాకా నడిచి నీళ్లు తెచ్చుకుంది. బిందెతో తిరిగొస్తుంటే నేను తలుపు చాటుకు తప్పుకునేదాన్ని.

అబద్ధమాడిన మర్నాడు పొద్దున నేను చెవులు రిక్కించుకుని కూర్చున్నాను. ఇక పిలవదనుకున్నాను. గొట్టం గురగురమంది. వెంటనే గోడ మీంచి అదే గొంతు: "నల్లా వచ్చిందే పిల్లా!" తిట్టినా బాగుండేది. అయినా వెళ్లి తాళం తీసి నీళ్లు పట్టుకున్నాను. అంతటి మనిషిని నేను.

వానలు పడి ఆమె బావి నిండాక ఒకరోజు ధైర్యం చేసి "అవ్వా, ఆనాడు నేను..." అని మొదలుపెట్టాను. "ఇగ ఊకో. నీళ్లు పట్టుకో, పోతయ్" అంది, అంతే. ఆ రోజే తాళం పీకి పారేశాను. తాళం లేకపోయినా ఆమె బిందె మళ్లీ మా వాకిట్లోకి రాలేదు. కేక మాత్రం ఒక్క పొద్దు కూడా ఆగలేదు.

అవ్వను సాగనంపిన మర్నాడు ఎవరూ పిలవలేదు. తిప్పి వదిలేసిన నల్లా గుంత నింపి, వాకిలి దాటి సందులోకి పారుతుంటే అప్పుడు చూశాను. పరుగున వెళ్లి ఒక బిందె ముంచి చంకనెత్తుకుని అవ్వ ఇంటికి వెళ్లాను. కోడలు వింతగా చూసింది.

"మా బావిల మస్తు నీళ్లున్నయి గదక్కా, ఇప్పుడెందుకు?"

నిండు బిందె దించకుండానే గుమ్మంలోంచి వెనక్కి తిరిగి చూశాను. మా నీళ్లు నా వెనకే పారుతూ వచ్చి, అవ్వ అరుగు విరిగిన మూలలో చేరుతున్నాయి.