కరవని బూట్లు

మా సాల్ట్ డ్రా ఊళ్లో మనిషిని మొహం చూసి పోల్చుకోవడం కష్టం. సగం మొహాన్ని టోపీ మింగేస్తుంది, మిగతా సగం దుమ్ముకొట్టుకుని ఉంటుంది. నేను మంగలిని కాబట్టి నా సంగతి వేరు. నా కుర్చీలో కూర్చున్నవాడి మొహం అద్దంలో కనిపిస్తుంది, బూట్లు కాళ్లపీట మీద కనిపిస్తాయి. రెంటిలో నేను ఎక్కువగా నమ్మేది బూట్లనే. మా దగ్గర బూట్లంటే తాళ్లు లేకుండా పిక్కదాకా వచ్చే తోలు బూట్లే.

డెల్బర్ట్ స్ట్రౌడ్ బూట్లను అతనికి పెళ్లి కాకముందు నుంచీ ఎరుగుదును. పశువుల మేత భూముల్లో నీళ్లు తోడే గాలిమరలను బాగుచేయడం అతని పని. గాలిమర ఆగిందంటే ఆవులు ఎండిన రేకు తొట్టి చుట్టూ చేరి అరుస్తాయి, ఆసామి పరుగున వచ్చి డెల్బర్ట్ తలుపు కొడతాడు. డెల్బర్ట్ పైకెక్కి, నిచ్చెన మెట్టుకి బూటు మడమ తగిలించి, రెండు చేతులూ వదిలేసి రెంచి తిప్పుతాడు. కింద నిలబడి చూసేవాడికే కళ్లు తిరుగుతాయి. అలాంటి మనిషికి బూటు సోకు కాదు, పనిముట్టు.

అందుకే అతను బూట్లు కొనడానికి వెళితే పూట గడిచిపోయేది. సూదిమూతి బూట్లను చేత్తో కూడా ముట్టేవాడు కాదు, మూలల్లో బొద్దింకల్ని చంపడానికి తప్ప అవి ఎందుకూ పనికిరావని అతని ఉద్దేశం. నాదీ అదే. మూతి గుండ్రంగా ఉండాలి, మడమ పొట్టిగా ఉండాలి. అడుగు జిగురుతో అంటించింది కాకూడదు, దారంతో కుట్టింది కావాలి, అరిగితే విప్పి మళ్లీ వేయించుకోవచ్చు. వేసుకుని నాలుగడుగులు వేస్తే మడమ దగ్గర కొంచెం జారాలి, పాదం మీద మాత్రం గట్టిగా పట్టుకోవాలి. అలా పట్టుకునే బూటు మొదట్లో కరిచి తీరుతుంది. కరవాలి కూడా. మొదటిరోజే మెత్తగా ఉన్న తోలు ముళ్లతీగకి ఏడాది తిరక్కుండా చిరిగిపోతుందని మా ఊళ్లో అందరి నమ్మకం. కరుపు మరీ ఎక్కువైతే బూట్లతో సహా ఆవుల నీళ్ల తొట్టిలో దిగి, అవి కాళ్ల మీదే ఆరేదాకా తిరుగుతాం.

కొత్త బూట్లతో నా కొట్లోకి ఎవరు వచ్చినా బాగున్నాయని ఎవరూ అనరు. "కరుస్తున్నాయా?" అని అడుగుతారు. వచ్చినవాడు "పిచ్చికుక్కలా" అంటాడు. అందరికీ తృప్తి. అంతటితో ఆ బూట్లు ఊరివైపోయినట్టు.

ఆ వసంతంలో డెల్బర్ట్ కొత్త బూట్లతో వచ్చాడు. ఎద్దుతోలు, ముదురు గోధుమరంగు, చెక్కలా ఉంది. మా ఊళ్లో బూట్లు కుట్టేదీ అమ్మేదీ ఎవరిస్తో లుహాన్ ఒక్కడే, అతని కొట్టు సరుకే అది. ఎల్రాయ్ అప్పటికే బెంచీ మీద ఉన్నాడు. ఎల్రాయ్ బడి బస్సు నడుపుతాడు. తల మీద వెంట్రుక లేదు, అయినా రోజూ నా కొట్లోనే ఉంటాడు.

"కరుస్తున్నాయా?" అన్నాడు ఎల్రాయ్.

"లేదు."

"కోతలు కొయ్యకు."

"ఒట్టురా. తొట్లో దిగలేదు, ఏం లేదు. మొదటి రోజు నుంచీ దూది మీద నడిచినట్టే ఉంది. ఇన్నేళ్లలో ఇలాంటి జత చూళ్లేదు."

అని కొట్టు ఈ చివర నుంచి ఆ చివరకి నడిచి చూపించాడు. నడుస్తూ కిందికే చూసుకుంటున్నాడు. బూట్ల మురిపెం అనుకున్నాను. పాపం, పసిపిల్లాడి సంబరం అతని మొహంలో. పొద్దున లేస్తే కాళ్లు పట్టుకుపోయి మూలిగే మనిషి అలా నవ్వుతూ తిరుగుతుంటే నాకూ సంతోషం వేసింది.

ఆ మాట ఊరంతా పాకింది. ఎల్రాయ్ వెళ్లి అచ్చం అలాంటి జతే కొన్నాడు. వారం తిరక్కుండా కుంటుకుంటూ వచ్చి బెంచీ మీద డెల్బర్ట్ పక్కన కూలబడ్డాడు.

"ఒరేయ్ డెల్బర్ట్, నీ నోరు పడిపోనూ! దూదా ఇది? రెండు మడమలకీ తోలు ఊడొచ్చింది. బ్రేకు తొక్కితే ప్రాణం పోతోంది. బస్సులో పిల్లలందరికీ బూతులు నేర్పాను ఇవాళ."

"నీ కాళ్లు మెత్తనివిరా. సీట్లో కూచునే కాళ్లు."

"నీవి ఇనప కాళ్లేం?"

"అంతే అనుకో."

జుట్టు కత్తిరించుకోవడానికి వచ్చిన ఎవరిస్తో కుర్చీలోంచే తల తిప్పాడు. "ఆ తోలు సంగతి నాకు తెలుసు. నా కాళ్లనే కరిచింది. నిన్ను కరవకపోవడమేంటి డెల్బర్ట్? ఓసారి కొట్టుకి రా, కాలు చూస్తాను."

"చూడ్డానికేముంది? అమ్మినవాడివి, బాగుందంటే సంతోషించక!" అని డెల్బర్ట్ నవ్వాడు. ఎవరిస్తో నవ్వలేదు.

తరవాతి శనివారం డెల్బర్ట్ గడ్డం గీయించుకోవడానికి వచ్చాడు. కుర్చీ వెనక్కి వాల్చి, వేడి తువ్వాలు తీసి, నురగ రాశాను. కత్తి పట్టుకుని తలెత్తేసరికి ఎదురుగా అద్దంలో అతని బూట్ల అడుగులు కనిపించాయి. ఎడమదాని అడుగున, చిటికెనవేలి కింద, సర్కారు తుమ్మ ముల్లు విరిగి ఉంది. బయట మిగిలింది మొదలే. దాని చుట్టూ తోలు నల్లగా తడిసి ఉంది.

"డెల్బర్ట్, కాల్లో ముల్లుంది."

"ఏ కాల్లో?" అన్నాడు, కళ్లు తెరవకుండా.

నా చేతిలో కత్తి ఆగిపోయింది. తుమ్మముల్లు దిగినవాడు ఏ కాల్లో అని అడగడు.

ఇద్దరం కలిసి బూటు లాగాం. మేజోడు పాదానికి అతుక్కుపోయి ఉంది. వాసన వేసింది. మడమ వెనక ఎల్రాయ్‌కి ఉన్నలాంటి పుండే ఉంది, ఇంకా పెద్దది. ఆ బూట్లు డెల్బర్ట్‌ను అందరికంటే ఎక్కువే కరిచాయి. బెంచీ మీదున్న ఎల్రాయ్ ఆ కాలు చూశాడు, తన మడమలు చూసుకున్నాడు, బయటికి వెళ్లి ట్రక్కు స్టార్ట్ చేశాడు.

"ఎన్నాళ్లయింది కాళ్లు తెలియక?" అని అడిగాను.

డెల్బర్ట్ మొహం మీద నురగ అలాగే ఉంది. "షుగర్ వచ్చినప్పుడే డాక్టరమ్మ చెప్పింది, కాళ్లు మొద్దుబారతాయి, మెత్తటి తాళ్ల బూట్లకి మారమని. నేన్నవ్వాను. మెల్లమెల్లగా నొప్పులు పోయాయి. జన్మంతా నొప్పులతో చచ్చాను కదా వెల్డన్, దేవుడు దయ తలిచాడనుకున్నా. పైకెక్కినప్పుడు కాలెక్కడుందో చూసుకుని వేస్తున్నా." "ఆ బూట్లు మాత్రం నిజంగానే మంచివనుకున్నాన్రా. నిజంగా," అన్నాడు.

అతను మాటలు కోటలు దాటించాడని ఊరంతా తిట్టుకుంది. అతను ఒక్క అబద్ధం చెప్పలేదు. తువ్వాలుతో అతని మొహం తుడిచి ట్రక్కు ఎక్కించాను.

పెద్దాసుపత్రిలో చిటికెనవేలు తీసేశారు. ఇంకొంచెం ఆలస్యమైతే పాదమే తీయాల్సి వచ్చేదన్నారు. ఇంకోసారి ఇలా జరిగితే పాదం దక్కదని కూడా డాక్టరమ్మ మొహం మీదే చెప్పింది. గాలిమరలు ఎక్కడం మానేయాలంది. తెల్లటి తాళ్ల బూట్లు వేసి ఇంటికి పంపింది.

ఆ తెల్లబూట్లతో ఒక్కసారి నా కొట్టుకి వచ్చాడు. ఎల్రాయ్ అంటే పాస్టరుగారి విగ్గును కూడా వదలనివాడు. ఆ రోజు వానల గురించి మాట్లాడాడు. ఇంకొకాయన దూడల రేటు ఎత్తుకున్నాడు. ఎవరూ కిందికి చూడలేదు. డెల్బర్ట్ కాళ్లు రెండూ బెంచీ కిందికి లాక్కుని కూర్చున్నాడు. అతని కాళ్లని ఎగతాళి చేయకపోవడం మా ఊళ్లో అదే మొదలు. తన వంతు రాకుండానే లేచి వెళ్లిపోయాడు, మళ్లీ రాలేదు. మా మర్యాద మీద నాకు మండిపోయింది, నా మీద కూడా.

ఎండలు ముదిరాక ఒలీటా వచ్చింది. ఒలీటా డెల్బర్ట్ భార్య. బడి వంటింట్లో పని చేస్తుంది. టీవీ చూస్తూ పళ్లెంలో బీన్స్ ఏరుతుంది, కళ్లు టీవీ మీదే ఉంటాయి, రాయి మాత్రం వేలికి దొరుకుతుంది. ఆమె వండిన బీన్స్‌లో పన్ను విరిగినవాడు మా ఊళ్లో లేడు.

"కాలు నయమైంది వెల్డన్. మనిషి నయం కాలేదు. గుమ్మం దాటడు. ఆ తెల్లబూట్లు చూసుకుంటూ కూచుంటాడు. పాదం ఉండి ఏం లాభం, అది ఎక్కడికీ పోకపోతే?"

"తోలు బూట్లు వద్దంది కదా డాక్టరమ్మ?"

"నేను పోయి పోట్లాడొచ్చాను. మూతి ముడుచుకుంది, కానీ సరే అంది. రోజూ కాలు చూస్తే, లోపల ఏదీ గుచ్చుకోకపోతే. అతన్ని ఎవరిస్తో దగ్గరికి తీసుకురా. నేను రమ్మంటే రాడు."

నా బూటు మడమ ఊడిందని అబద్ధం చెప్పి డెల్బర్ట్‌ను బయటికి లాగాను. ఎవరిస్తో కొట్లో అడుగుపెట్టి, పని బల్ల పక్కన ఒలీటాని చూసి వెనక్కి తిరిగాడు. నేను తలుపుకి అడ్డంగా నిలబడ్డాను. మంగలిపని చేసీ చేసీ కదలకుండా నిలబడటం నాకు అలవాటే.

ఎవరిస్తో కాగితం పరిచి పాదం గీశాడు, వేలు లేనిచోట గీతను లోపలికి తిప్పాడు. తర్వాత వెడల్పు మూతి ఉన్న జత ఒకటి తెచ్చి తొడిగాడు. అలవాటుకొద్దీ డెల్బర్ట్ మొహంలోకి చూసి, "ఎలా ఉంది?" అన్నాడు.

"బాగుంది," అన్నాడు డెల్బర్ట్.

"అతన్నడక్కు. నన్నడుగు," అంది ఒలీటా.

బూటు విప్పించి మోచేతిదాకా చెయ్యి లోపలికి పెట్టింది. చూపు కిటికీ బయట ఎక్కడో ఉంది. చెయ్యి మాత్రం లోపల నెమ్మదిగా తిరుగుతోంది. "ఇక్కడ కుట్టుంది. వేలికి గీరుకుంటోంది."

"అది అందరి బూట్లలోనూ ఉంటుందమ్మా," అన్నాడు ఎవరిస్తో.

"అందరికీ తెలుస్తుంది కదా. ఇతనికి తెలీదు."

ఎవరిస్తో ఆ జత పక్కన పెట్టాడు. బల్ల కింద నుంచి జింకతోలు తీశాడు. లోపలి భాగమంతా కుట్టు లేకుండా దీంతోనే వేస్తానన్నాడు. తోలు అడుగు కింద ముల్లు దిగనంత మందాన రబ్బరు వేస్తానన్నాడు. మాట్లాడుతూ తోలు ముక్క ఒలీటాకే ఇచ్చాడు, ఆమె చెంపకి రుద్దుకుని చూసింది.

డెల్బర్ట్ మొహం కందగడ్డలా అయింది. "నా బూట్లు నా పెళ్లాం ఏరుతుందన్నమాట! ఊరంతా నవ్వుతుంది."

"నవ్వనీ. నవ్వట్లేదనే కదయ్యా ఇన్నాళ్లూ ఏడ్చావు," అంది ఒలీటా.

డెల్బర్ట్ చాలాసేపు కాగితం మీద తన పాదం బొమ్మను చూస్తూ ఉండిపోయాడు. తర్వాత రెండోకాలు కూడా కాగితం మీద పెట్టాడు.

పత్తి తీతల నాటికి బూట్లు తయారయ్యాయి. తేళ్లు ఉంటాయని పొద్దున్నే బూట్లు దులపడం మా అందరికీ ఉన్న పనే. స్ట్రౌడ్ ఇంట్లో దులిపాక ఒలీటా చెయ్యి పెడుతుంది. వేళ్ల చివరలదాకా తడిమి, సరేనంటేనే అతను కాలు పెట్టాలి. సాయంత్రం అతని పాదం ఒళ్లో పెట్టుకుని, దీపం వెలుగులో బీన్స్ ఏరినంత శ్రద్ధగా చూస్తుంది. మొదట్లో డెల్బర్ట్ సిగ్గుతో పేపరు అడ్డం పెట్టుకునేవాడట. ఇప్పుడు ఆమెకు పేపరు చదివి వినిపిస్తాడట. గాలిమరలు మాత్రం ఎక్కడు. కిందే గేర్లు విప్పి కడుగుతాడు, పైకెక్కినవాడు చేస్తున్న తప్పులకి తలెత్తి తిడతాడు. ఆ తిట్టడంలో ఎంత బాధ ఉందో నాకు తెలుసు.

ఒక శనివారం నా కొట్టు ముందు వాళ్ల ట్రక్కు ఆగింది. ఒలీటా స్టీరింగు దగ్గరే ఉండిపోయింది. కొత్త బూట్లతో డెల్బర్ట్ లోపలికి వచ్చాడు. మూతి కొంచెం బాతుముక్కులా ఉంది. నిజం చెప్పాలంటే అందంగా లేవు. బెంచీ మీద నలుగురున్నారు. మళ్లీ వాన సంగతి ఎత్తుతారేమోనని కత్తి పట్టుకుని బెంచీ వైపు తిరిగాను. ఎత్తినవాడికి నున్నగా గుండు గీకుదామనే అనుకున్నాను.

ఎల్రాయ్ ముందుకి వంగి, కళ్లజోడు సర్దుకుని, ఆ బూట్లను మూతి నుంచి మడమదాకా చూశాడు.

"బాతుని చంపి తొడుక్కున్నావేంట్రా?" అన్నాడు. "కరుస్తున్నాయా?"

డెల్బర్ట్ కిందికి చూసుకున్నాడు. తర్వాత తలెత్తి, "నాకేం తెలుసు? ఒలీటాని అడుగు," అన్నాడు.

ఎల్రాయ్ లేచి, తలుపు తీసి, వీధి వీధంతా వినబడేలా కేక పెట్టాడు. "ఒలీటా! ఈ బూట్లు కరుస్తున్నాయా?"

ఒలీటా ట్రక్కు కిటికీలోంచి తల బయటపెట్టింది.

"ఎడమది కొంచెం!" అంది నవ్వుతూ.