ఎడమ పక్క, రెండో చక్రం దగ్గర

దయ్యాలూ భూతాలూ అంటే నాకు ఒళ్ళు మంట. రైల్వే డీజిల్ షెడ్డులో ఇరవై ఏళ్ళకు పైగా ఫిట్టర్‌గా చేశాను. ఇంజన్ వింత శబ్దం చేసిందంటే ఎక్కడో బోల్టు వదులైనట్టే, నా లెక్క అంతవరకే. ఇప్పుడు చెప్పబోయేది ఆ లెక్కకు అందలేదు. అందుకే రాస్తున్నాను.

మా నాయన యాడికి అనే ఊళ్ళో ఇత్తడి గిన్నెలకు కళాయి పూసేవాడు, చిల్లులకు మాట్లు వేసేవాడు. ఆ పని నా చేతికీ అబ్బింది. రెండువేల సంవత్సరానికి కాస్త ముందు, మా షెడ్డులోని ఒక పాత ఇంజన్‌కు ఇత్తడి రేకుతో మోడల్ చేశాను. మూరెడు పొడవు. టేపు పట్టుకుని అసలు ఇంజన్ మీదికెక్కి, కిందికి దూరి, మెట్లూ, కడ్డీలూ, రేడియేటర్ జాలీ, హారన్లూ అన్నీ కొలిచాను. చిన్న తలుపు తీస్తే లోపల డ్రైవర్ సీటు కూడా కనబడుతుంది. రెండేళ్ళు పట్టింది. గొప్పగానే చెప్పుకుంటాను, అంత బాగా వచ్చింది.

ఒక్కటే లోపం. చక్రాలను పట్టి ఉంచే చట్రంలో, ఎడమ పక్క రెండో చక్రం దగ్గర, వెంట్రుకంత చీలిక. మాటు వేశాను. వారానికి మళ్ళీ విచ్చింది. ఆ ముక్క తీసేసి కొత్త ఇత్తడి పెట్టాను. అక్కడే చీలింది. విసుగొచ్చి వదిలేశాను.

ఆయుధపూజ రోజు అసలు ఇంజన్‌ను కడిగి, పసుపు కుంకుమ పెట్టి, మాల వేశారు. దాని ఎడమ పక్కన బల్ల వేసి నా మోడల్ పెట్టారు. మా ఫోర్‌మన్‌కు నేనంటే మొదటినుంచీ పడదు. నా పనిని ఎవరు మెచ్చుకున్నా ఆయనకు కంటగింపు. కళ్ళద్దాలు సవరించుకుని, వంగి చూసి, అందరికీ వినబడేట్టు అన్నాడు.

"ఏమప్పా, అసలుదానికి లేని పగులు నీదానికి యాడినుంచి వచ్చినాది?"

అందరూ నవ్వారు. నాకు తల కొట్టేసినట్టయింది. పూజ ఫోటోలకు పిలిచిన స్టూడియో అతను అప్పుడే ఫోటో తీశాడు.

ఇరవై రోజులు తిరగకముందే ఆ ఇంజన్ తనిఖీకి వచ్చింది. చట్రంలో పగులు. ఎడమ పక్క, రెండో చక్రం దగ్గర. అంతకుముందు తనిఖీలో అక్కడ అంతా బాగుందని సంతకం పెట్టింది నేనే. నా సంతకం కింద ఫోర్‌మన్ సంతకం ఉంది. ఆ పగులు దారిలో పూర్తిగా విచ్చి ఉంటే వెనక ఉన్న ప్యాసింజర్ల గతి ఏమయ్యేదో.

ఫోర్‌మన్ తాను తప్పించుకోవడానికి నన్ను ఇరికించాడు. పగులు నేను ముందే చూశానని, బొమ్మలో కూడా దించానని, తనిఖీ పుస్తకంలో మాత్రం రాయలేదని పైకి కాగితం పంపాడు. ఉద్యోగం ఊడేదే. స్టూడియోకు పరుగెత్తి ఆ ఫోటో పెద్దది చేయించాను. మోడల్‌లో చీలిక స్పష్టంగా ఉంది. దాని వెనకే అసలు ఇంజన్ రెండో చక్రం, దాని చట్రం, నేరుగా ఎండ పడుతోంది. అక్కడ ఇనుము నున్నగా ఉంది, పగులు జాడ లేదు.

విచారణకు వచ్చిన అధికారి ఆ ఫోటోను చాలాసేపు చూసి ఫైలు మూసేశాడు. నేను గుమ్మం దాటబోతుంటే వెనకనుంచి అడిగాడు. "మరి నీకెట్ల తెల్సు?"

మెట్లు దిగి షెడ్డుకు వచ్చేశాను.

ఆ ప్రశ్న షెడ్డంతా పాకింది, సాటివాళ్ళు నాతో టీ తాగడం మానేశారు. ఒక డ్రైవర్ తన ఇంజన్ దగ్గరికి నన్ను రావద్దని మొహం మీదే చెప్పాడు. ఆ కోపంలో ఇంటికెళ్ళి మోడల్‌ను నుజ్జు చేయాలని సుత్తి ఎత్తాను. అప్పుడు తట్టింది. పగులుకు వెల్డింగ్ చేసి ఆ ఇంజన్‌ను మళ్ళీ లైన్ మీదికి పంపారు, ఆ గంటలో అది జనంతో నిండిన బండి లాగుతోంది. దీనికి తగిలిన దెబ్బ దానికీ తగిలితే? సుత్తి దించేశాను. మోడల్‌ను పాత దుప్పటిలో చుట్టి, పెట్టెలో పెట్టి తాళం వేశాను. దాన్ని చూస్తే అసహ్యం. అయినా పసిబిడ్డను కాచినట్టు కాయాల్సి వచ్చింది.

మూడేళ్ళ తర్వాత, వానల్లేక చేలన్నీ మాడిపోయిన ఏడు, ఒక మిట్టమధ్యాహ్నం ఫోర్‌మన్ మా ఇంటికి వచ్చాడు. అన్నాళ్ళూ మా మధ్య మాటల్లేవు. కూర్చోలేదు, మంచినీళ్ళు ముట్టలేదు. పురిటికొచ్చిన కూతురు చంటిబిడ్డతో ఆ సాయంత్రం అత్తగారింటికి బయలుదేరుతోందట. ఆ బండికి తగిలించేది ఆ ఇంజనేనట. మోడల్ చూడాలి, పెట్టె తెరవమన్నాడు.

ఏదో కొత్త పగులుందని అబద్ధం చెప్పి ఆయన్ని ఏడిపించాలనిపించింది. నిజం, అనిపించింది. చెప్పలేదు. పెట్టె తాళం తీశాను. ఆయన నేల మీద మోకాళ్ళు మోపి నాలుగు పక్కలా చూశాడు. ఎడమ పక్క రెండో చక్రం దగ్గర చీలిక లేదు. దాని చోట సన్నటి వెల్డింగ్ గీత ఉంది. అది నేను వేసింది కాదు.

"దీన్ని పగలగొట్టొద్దప్పా," అని లేచి వెళ్ళిపోయాడు. ఆ అమ్మాయి క్షేమంగా చేరింది.

ఇంకొన్నేళ్ళకు ఆ ఇంజన్‌ను తుక్కు కింద వేశారు. గ్యాస్ కట్టర్‌తో ముక్కలు చేస్తుంటే దగ్గరుండి చూశాను. పీడ వదిలిందనుకుని ఇంటికొచ్చి, సుత్తి పట్టుకుని పెట్టె తెరిచాను.

మోడల్ చెక్కుచెదరలేదు. కానీ ముందు వైపు, బోగీలకు ఆనే గుండ్రటి ఎడమ బఫర్ మీద కొత్త సొట్ట ఉంది. ఇంజన్‌ను కోసేటప్పుడు ఆ బఫర్ నున్నగా ఉండటం నా కళ్ళతో చూశాను.

ఇన్నాళ్ళూ అది ఏ ఇంజన్‌కు నకలో నాకు తెలుసు. ఇప్పుడు అది లైన్ మీద తిరిగే ఏ ఇంజన్‌దో తెలియదు. సుత్తి పక్కన పెట్టి, మళ్ళీ దుప్పటి చుట్టాను.