తొమ్మిది కీచురాళ్లు

మా స్టాఫ్ రూములో సామ్రాజ్యం కుర్చీ ఎప్పుడూ ఖాళీగానే ఉండేది. ఆమె కాలేజీకి రాక కాదు. వచ్చి, సంచి కుర్చీలో పడేసి వెళ్లిపోయేది. తిరువూరులో మేం పనిచేసే ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఆమె జువాలజీ చెబుతుంది, నేను తెలుగు. నా క్లాసు గదికీ మెట్ల కింద స్టోరు గదికీ మధ్య ఒక్కటే గోడ. మధ్యాహ్నం పన్నెండింటికి నేను పద్యం మొదలుపెట్టగానే గోడ అవతల కీచురాళ్లు అందుకునేవి. పిల్లలు నవ్వేవాళ్లు. మొదటి వారం నాకు కోపమొచ్చింది. ఆ తర్వాత అవి అరవకపోతేనే తోచేది కాదు.

ఆ కీచురాళ్లు ఆమెవే. స్టోరు గది కిటికీలకు నల్లకాగితం అంటించి, రాత్రంతా లైటు వెలిగేలా, పగలు ఆరిపోయేలా టైమరు పెట్టింది. అలా వాటికి మన పగలు రాత్రయింది.

సామ్రాజ్యం వాళ్లది ఎ.కొండూరు దగ్గర పల్లె. తల్లిదండ్రులు కూలికి వెళ్లేవాళ్లు. ఆ ఇంట్లో ఎమ్మెస్సీ చదివింది ఈమె ఒక్కతే. భర్త బాలశౌరి బస్సు కండక్టరు. ముప్పై ఎనిమిదేళ్ల వయసులో ఆమె పార్ట్ టైం పీహెచ్‌డీకి చేరుతుంటే, "ఇప్పుడెందుకు?" అని ఆయన అడిగాడట. "ఊరికే కూర్చోలేక," అందట ఈమె.

ఆమె పరిశోధన నాకు అర్థమైనంతలో ఇది. కీచురాళ్లలో అరిచేది మగదే. అదీ నోటితో కాదు, రెక్కను రెక్కతో రాపాడించి. ఆ పాట విని ఆడది మగదాన్ని ఎంచుకుంటుంది. మరి ఎక్కువసేపు పాడే మగదానికి రోగాన్ని తట్టుకునే శక్తి కూడా ఎక్కువ ఉంటుందా? లేక శక్తంతా పాటకే పోయి లోపల డొల్లగా ఉంటుందా?

దాన్ని తేల్చడానికి చేపల గాలానికి కట్టే నైలాన్ దారం కొనుక్కొచ్చింది. బియ్యపు గింజలో సగం ఉండే ముక్కలు కోసి, కీచురాయిని మంచు మీద పెట్టి మత్తెక్కించి, పొట్టలోకి ఒక ముక్క దూర్చేది. పురుగు ఒంట్లోకి పరాయి వస్తువు వస్తే రక్తకణాలు దాని చుట్టూ మూగి నల్లటి పొర కప్పుతాయి. ఒకరోజు ఆగి దారం బయటికి తీసి మైక్రోస్కోపు కింద చూస్తుంది. ఎంత నల్లబడితే అంత రక్షణ శక్తి ఉన్నట్టు.

రెడ్డిగూడెం మామిడితోటల్లో, ఎండుటాకుల కింద పట్టుకొచ్చిన మగవి అరవై నాలుగు. ఒక్కోదానికి ఒక్కో ప్లాస్టిక్ డబ్బా, అందులో కోడిగుడ్ల అట్టముక్క, కోళ్లదాణా, దోసకాయ ముక్క. ప్రతి పది నిమిషాలకూ గది చుట్టి వచ్చి, పాడుతున్న డబ్బా నంబరు ఎదుట టిక్కు పెట్టాలి. ఆమెకు క్లాసున్నప్పుడు ల్యాబ్ అటెండరు రావమ్మ పెట్టేది. రావమ్మ యాభై దాటిన మనిషి. ఏ పని చెప్పినా ఎందుకని అడగదు, కానీ ఏదీ మరిచిపోదు.

లెక్కలన్నీ అనుకున్నట్టే వచ్చాయి. ఎక్కువ పాడినవాటి దారం ఎక్కువ నల్లగా ఉంది. ఒక్క తొమ్మిది మాత్రం ఎదురుతిరిగాయి. అవి అన్నిటికంటే ఎక్కువ పాడాయి, వాటి దారాలు మాత్రం తెల్లగా ఉండిపోయాయి. వాటిని కలిపితే ఫలితం నిలబడదు. అవి రెక్కల అంచులు చినిగిపోయిన ముసలి పురుగులు. ఎలాగూ చచ్చేవే, వాటిని లెక్కలోకి తీసుకోవడం తప్పని ఆమె తనకు తాను చెప్పుకుంది. ఆ తొమ్మిదిని తీసేసి, యాభై ఐదింటితో పేపరు రాసింది. తీసేశానని అందులో రాయలేదు, గైడు సుందరరావు గారికీ చెప్పలేదు.

పేపరు అచ్చయిన రోజు స్టాఫ్ రూములో అందరికీ మైసూర్ పాక్ పెట్టింది. రావమ్మ కాగితాలు తిరగేసి, ఇంగ్లీషు రాకపోయినా అంకెలు చూసింది.

"యాభై ఐదు అని ఉందేంటి మేడమ్? అరవై నాలుగు కదా. తొమ్మిది డబ్బాలు ఏమయ్యాయి?"

"అవి ముసలివి రావమ్మా. పక్కన పెట్టాను."

"అవేగా బాగా పాడింది. నా టిక్కులు సగం వాటికే," అని రావమ్మ చేతులు కడుక్కోవడానికి వెళ్లిపోయింది.

అందులో నిష్ఠూరమేమీ లేదు. కానీ ఆ మధ్యాహ్నం నుంచి సామ్రాజ్యానికి నిలకడ పోయింది. అంతకుముందు తిరుగుడు పనికోసం. ఇప్పుడు పని లేకపోయినా వరండాలో ఈ చివర నుంచి ఆ చివరకు నడిచేది. బోర్డు మీద సగం బొమ్మ గీసి ఆపేసేది. ఆదివారం చర్చిలో పూజకు వెళ్లి, ప్రసంగం మధ్యలో లేచి బయటికొచ్చి గోడ పక్కన నిలబడిందని బాలశౌరి నాతో చెప్పాడు.

"ఒంట్లో బాగాలేదా అంటే బాగానే ఉందంటుంది. అన్నం ముందు కూర్చుని వేలితో కంచంలో అంకెలు రాస్తుంది సార్. మీకేమైనా చెప్పిందా?"

నాకూ చెప్పలేదు. చాలాకాలం తర్వాత చెప్పింది.

రెండో ప్రయోగం ఎలాగూ చేయాల్సి ఉంది. చంపిన బాక్టీరియాను పురుగుల్లోకి ఎక్కిస్తే, నిజంగా జబ్బు లేకపోయినా ఒళ్లు జబ్బొచ్చినట్టే పోరాడుతుంది. అప్పుడు పాట తగ్గుతుందా అన్నది చూడాలి. ఈసారి ఆమె పిల్ల పురుగుల నుంచి పెంచింది, ప్రతిదాని వయసూ తెలిసేలా. సగం పడుచువి, సగం ముసలివి. రెండు సీసాలు, ఒకదానిలో బాక్టీరియా, ఒకదానిలో ఉప్పునీళ్లు. చూడ్డానికి రెండూ ఒకటే. ఏ సీసాలో ఏముందో రావమ్మకు చెప్పి, సీసాల మీద ఆమెనే గుర్తులు పెట్టి, ఏ గుర్తు దేనిదో చీటీ రాసి దాచమంది.

"టిక్కులన్నీ అయ్యేదాకా నేనడిగినా చూపించకు."

"మీరే రాయమని మీకే చూపించొద్దంటారేంటి మేడమ్?"

"నా మీద నాకు నమ్మకం లేదు."

మే నెలలో ట్రాన్స్‌ఫార్మరు కాలిపోయి రెండు రోజులు కరెంటు రాలేదు. స్టోరు గది కుంపటిలా మారింది. మూడొంతుల పురుగులు చచ్చాయి. ఆమె డబ్బాలు కడిగి ఎండబెట్టి, వానలు పడ్డాక మళ్లీ గుడ్ల దగ్గర నుంచి మొదలుపెట్టింది. అక్టోబరులో చీటీ విప్పారు.

బాక్టీరియా ఎక్కిన పడుచు మగవి పాట సగానికి తగ్గించాయి. ముసలివి మాత్రం పెంచాయి. ఉప్పునీళ్లు ఎక్కిన తమ ఈడు వాటికంటే కూడా ఎక్కువ పాడాయి. ఈసారీ దారం దూర్చి తీసి చూస్తే, ఆ ముసలివాటివి పాలిపోయి ఉన్నాయి. బతుకు ఇంకా ఉందనుకునే పురుగు శక్తిని దాచుకుంటుంది. రోజులు అయిపోతున్నాయనిపించిన పురుగు ఉన్నదంతా పాటలో పెట్టేస్తుంది, చివరికి ఒక్క ఆడదైనా దగ్గరికి రాకపోతుందా అని. ఆ తొమ్మిదీ తప్పుగా పాడలేదన్నమాట. చూడాల్సిన సంగతి మొదటి ఏడాదే ఆమె ముందు కూర్చుని అరిచింది. ఆమే గెంటేసింది.

మర్నాడే సెలవు పెట్టి బస్సెక్కి గైడు దగ్గరికి వెళ్లింది. సుందరరావు గారు రిటైర్మెంటుకు రెండేళ్ల దూరంలో ఉన్నారు. కొత్త ఫలితం చూసి ముఖం వికసించింది. అప్పుడు ఆమె పాత నోటు పుస్తకం తీసి తొమ్మిది నంబర్లూ చూపించింది.

ఆయన ఒక్కో నంబరు మీదా వేలు జరుపుకుంటూ చివరిదాకా చదివారు. "ఆ పేపరు మీద నా పేరు కూడా ఉందమ్మా."

"అవును సార్."

"అప్పుడే చెప్పి ఉంటే ఏమయ్యేది?"

"మీరు మళ్లీ చేయమనేవాళ్లు. చేయాలంటే భయమేసింది."

"మరి ఇప్పుడెందుకు చెబుతున్నావు?"

"ఇది రాయాలంటే అది తప్పని రాయాలి సార్. వేరే దారి లేదు."

ఆయన పుస్తకం మూసి, "వెళ్లిరా," అన్నారు. అంతే.

పదిహేడు రోజులు ఆయన ఫోను చేయలేదు. ఆ పదిహేడు రోజులూ ఆమె సాయంత్రం పూట బైపాస్ దాకా నడిచి వచ్చేది. బాలశౌరి డ్యూటీ దిగి వెతుక్కుంటూ వెళ్లి, తోడుగా నడిచేవాడు. పద్దెనిమిదో రోజు గైడు ఫోను చేసి, పేపరు వేసిన పత్రికకు ఉత్తరం రాశానని, అరవై నాలుగింటితో లెక్కలు మళ్లీ చేసి పంపమని చెప్పారు. గొంతులో మునుపటి చనువు లేదు. ఆ తర్వాత కూడా పూర్తిగా రాలేదు.

దిద్దుబాటు అచ్చయింది. పీహెచ్‌డీ ఏడాదిన్నర ఆలస్యమైంది. ఆమధ్య ఒక డిగ్రీ కాలేజీలో పోస్టుకు ఇంటర్వ్యూకు వెళితే, ఆ దిద్దుబాటు గురించే ఇరవై నిమిషాలు అడిగారట. ఉన్నదున్నట్టు చెప్పింది. ఉద్యోగం ఇంకొకరికి వచ్చింది. వైవాలో మాత్రం ఒక పరీక్షకురాలు ఆ తొమ్మిది పురుగుల పట్టిక దగ్గరే ఆగి, మిగతా పేజీలు తర్వాత చూద్దామని కుర్చీ ముందుకు జరుపుకుందట. థీసిస్ మొదటి పేజీలో కృతజ్ఞతలు రావమ్మతో మొదలవుతాయి. రావమ్మ ఆ పేజీని ఫోటో తీయించుకుంది.

"ఇప్పుడైనా మనసు కుదుటపడిందా?" అని ఈ మధ్య అడిగాను.

"లేదండీ," అంది. "జబ్బు మగదాని పాటను ఆడది ఎలా పసిగడుతుంది? పసిగట్టక దగ్గరికి వెళ్తే దానికేమవుతుంది? దాని పిల్లలకో? అదేమీ తెలియదు కదా."

జూన్‌లో ఆడ కీచురాళ్లను పట్టుకొచ్చింది. తడి ఇసుక గిన్నెలు పెట్టి మూడు వారాలైంది. ఒక్కటీ గుడ్డు పెట్టలేదు. ఇసుక మార్చి చూస్తోంది.