దయావతి సిస్టర్ ఎగ్జిట్

సౌదీలో, ఖఫ్జీలోని ఆ ఆసుపత్రి పిల్లల వార్డులో దయావతి సిస్టర్ అంటే తెలియనివాళ్ళు లేరు. భర్త పోయిన ఏడాదే పాలకొల్లు నుంచి వచ్చి, ఇక్కడే జుట్టు నెరిసిన మనిషి. ఒక్కగానొక్క కూతురు రూబీని నర్సింగ్ చదివించి, ఖాళీ పడగానే అదే వార్డుకు రప్పించుకుంది. తల్లీకూతుళ్ళది క్వార్టర్స్‌లో ఒకే గది, ఒకే డ్యూటీ, ఒకే బస్సు.

రెండువేల ఆరు చలికాలంలో ఒక ఉదయం, జ్వరంతో ఉన్న బిడ్డను ఒళ్ళో పెట్టుకున్న ఒక అరబ్బు ఇల్లాలిని దయావతి, "పాలు పట్టావా అమ్మా? కక్కుకున్నాడా?" అని తెలుగులో అడిగింది. ఆవిడ తెల్లబోయి చూసింది. దయావతి అదే మాట మళ్ళీ, ఈసారి కాస్త విసుగ్గా, తెలుగులోనే అడిగింది. సిస్టర్ పరాచికాలాడుతోందనుకుని ఆవిడ నవ్వేసింది. పక్క మంచం మీద దుప్పటి మారుస్తున్న రూబీకి మాత్రం నవ్వు రాలేదు. తనకు అరబ్బీ నేర్పిందే తల్లి.

ఆనాటి నుంచి రూబీ కళ్ళు తల్లిని వదల్లేదు. ఉప్పు రెండుసార్లు పడిన పప్పు. చెప్పిన కబురే మళ్ళీ చెప్పడం. బస్సు దిగాక పక్క బిల్డింగు మెట్లెక్కబోవడం. అడిగితే "నిద్ర చాల్లేదే" అనేది దయావతి. అదే నిజమైతే బాగుండునని రూబీకీ ఉండేది. వార్డులో మాత్రం తల్లి వెనకాలే తిరుగుతూ, ఆమె ముట్టుకున్న ప్రతి మందూ మళ్ళీ చూసుకునేది.

ఎంతకని కాపు కాస్తుంది? ఒకరోజు పొద్దున ఇచ్చిన యాంటీబయాటిక్‌నే దయావతి అదే బిడ్డకు ఇంకోసారి ఎక్కించబోయింది. రూబీ పరుగున వచ్చి చెయ్యి పట్టుకుంది.

"ఇందాకే ఇచ్చావమ్మా."

"నేనా?"

"నువ్వే. నేను పక్కనే ఉన్నాను."

దయావతి సిరంజిని ట్రేలో పెట్టేసి చేతులు కడుక్కుంది. చాలాసేపు కడుక్కుంది. తర్వాత కూతుర్ని మందుల గదిలోకి పిలిచింది.

"హెడ్ నర్సుకి చెప్పెయ్యవే. నా నోటితో నేను చెప్పుకోలేను."

"కొన్నాళ్ళు చూద్దామమ్మా. నేనున్నాను కదా."

"నువ్వు లేని రోజున పసిగుడ్డుకేమన్నా అయితే?"

రూబీ చెప్పింది. పరీక్షలు చేసిన డాక్టరు, జబ్బు ముదరడమే గాని తగ్గడం ఉండదన్నాడు. ఆసుపత్రివాళ్ళు మర్యాదగానే సాగనంపారు, కేకు కూడా కోశారు. కానీ ఉద్యోగం పోతే ఇకామా, అంటే నివాస కార్డు, పోతుంది. ఇకామా లేని మనిషి ఈ దేశంలో ఉండటానికి లేదు. అమ్మను తన దగ్గరే ఉంచుకుంటానని రూబీ ఆఫీసులో అడిగింది. ఒంటరి నర్సుకు ఆ వీలు లేదన్నారు. పోనీ తననూ పంపెయ్యమంది. కాంట్రాక్టు ఇంకా మిగిలి ఉంది, వార్డులో మనుషుల్లేరు, దేశం విడిచి వెళ్ళడానికి ఎగ్జిట్ వీసా ఇవ్వలేమన్నారు. ఏడ్చింది. నీళ్ళు తెప్పించి ఇచ్చారు గాని మాట మార్చలేదు.

ఇక మిగిలింది పాలకొల్లులో క్రిస్టీనా పిన్ని. అమ్మకన్నా రెండేళ్ళే చిన్న.

"పంపించవే, మా అక్కను కాదంటానా?" అంది పిన్ని ఫోన్లో. "నాకే మోకాళ్ళు లేవట్లేదు. దాన్ని లేవదీయాల్సొస్తే ఎలాగో ఆ దేవుడికే తెలియాలి."

సెలవు మీద వెళుతున్న ఒక మలయాళీ నర్సు తోడు దొరికింది. దమ్మామ్ ఎయిర్‌పోర్టులో దయావతి చుట్టూ చూసి, "నీ సూట్‌కేసేదే?" అంది.

"నేను తర్వాతొస్తానమ్మా."

"అలాగైతే నేనూ ఉంటాను. ఇద్దరం కలిసే వెళదాం."

రూబీ తల్లి పాస్‌పోర్టు తోడు వెళ్ళే ఆవిడ చేతిలో పెట్టింది. మలయాళీ నర్సే దయావతి భుజం చుట్టూ చెయ్యేసి లోపలికి నడిపించుకుపోయింది.

ఎండలు ముదిరేనాటికి అక్కకు స్నానం చేయించడం పిన్ని వల్ల కాలేదు. వెంకాయమ్మ అనే ఆవిణ్ణి కుదిర్చింది. మొదటిరోజు రూబీ డ్యూటీ మధ్యలో ఆసుపత్రి వెనకాలకొచ్చి వెంకాయమ్మకు ఫోన్ చేసింది.

"నీళ్ళు ముందు నీ మణికట్టు మీద పోసి చూడు. ఒంటి మీద ఒక్కసారిగా పొయ్యకు, భయపడుతుంది. ముందు పాదాలు తడుపు. ఏం చేస్తున్నావో చెబుతూ ఉండు..."

అవతల చెంబు చప్పుడు వినబడింది. "ఎవరే నువ్వు, వదులు!" అంటోంది అమ్మ.

"ఫోన్ ఒకసారి మా అమ్మకివ్వు."

"తర్వాత మాట్లాడదురుగానండీ," అంది వెంకాయమ్మ. "నీళ్ళు చల్లారిపోతున్నాయి."

ఫోన్ పెట్టేసింది.